బ్వాయీ గీసిన నాటకశాల గుమ్మం: జనాన్ని వెక్కిరించాడా, ఏలికలనా?

కుంచెగీత:
ఫ్రెంచి చిత్రకారుడు లూయీ-లెయోపోల్డ్ బ్వాయీ 1819లో వేసిన, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆంబిగు-కొమిక్ నాటకశాల చిత్రాన్ని సామాన్యుల పట్ల సానుభూతికి ఉదాహరణగా చెప్పడం నాకు సమ్మతం కాదు. పారిస్‌లోని టెంపుల్ బులెవార్ మీద ఆ రోజు ఆట ఉచితం. గుమ్మం దగ్గర జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు ఎగబడుతున్నారు. ఆ తొక్కిసలాటకు ఎడంగా, నలగని బట్టలతో ఒక కుటుంబం నిలబడి ఉంది. చూసేవారికి చిత్రకారుడు కేటాయించిన చోటు కూడా అదే. ఉచితమంటే చాలు, బీదజనం ఒళ్లు మరిచి ప్రవర్తిస్తారన్న సంపన్నుల నమ్మకానికి ఇంతకంటే ఏం కావాలి? రాజుగారి పండుగనాడు పారిస్‌లోని షాంజెలీజేలో మద్యం, తినుబండారాలు పంచిన దృశ్యాన్ని 1822లో చిత్రించినప్పుడూ ఆయన చూపింది ఇదే కుమ్ములాట.

తెరవెనుక:
కుంచెగీత గారూ, ఆ 1822 నాటి చిత్రమే మీ వాదనకు అడ్డు వస్తుందని నా అభిప్రాయం. రెండింటిలోనూ కుమ్ములాటకు కారణం జనం స్వభావం కాదు, పంచిన తీరు. ఉచిత ప్రదర్శనలు ప్రభువుల వేడుకలకు ఇచ్చే ఆనవాయితీ. ఏడాది పొడవునా టికెట్ కొనలేని వారికి ఒక్క పూట తలుపు తెరిచి, లోపల పట్టేవారి కంటే ఎక్కువమందిని ఊరిస్తే తొక్కిసలాట కాక మరేం జరుగుతుంది? వేదిక మీద హత్యలు, దోపిడీలు నిండిన మెలోడ్రామాలు ఆడుతున్నందుకు ఆ వీధిని పారిస్ జనం 'నేరాల బులెవార్' అని పిలిచేవారు. బ్వాయీ మాత్రం ఆ నాటకాన్ని వదిలేసి బయటి గుమ్మాన్ని ఎంచుకున్నాడు. ఇక, ఆయన 1794లో అశ్లీల చిత్రాలు వేశాడన్న ఆరోపణలో చిక్కుకుని, ఫ్రెంచి విప్లవ నాయకుడు మారా విజయోత్సవాన్ని చిత్రించి గండం గట్టెక్కిన మనిషి. అటువంటివాడు పాలకులను బాహాటంగా తప్పుపడతాడని ఆశించడం అత్యాశ. పైగా ముఖాలను వికారంగా గీసిన ఆయన శిలాముద్రణలు (రాతి మీద గీసి అచ్చువేసిన బొమ్మలు) చూడండి, అక్కడ ఏ వర్గానికీ మినహాయింపు లేదు.

కుంచెగీత:
జాగ్రత్తపరుడన్న మాట ఒప్పుకుంటాను. కానీ తెరవెనుక గారూ, తప్పు పంచినవారిదని మీరు చరిత్ర తెలిసి చెబుతున్నారు, చిత్రం చూసి కాదు. అందులో రాజు లేడు, నలుగుతున్న జనమే ఉన్నారు. అదే 1819లో, సలోన్ అనే పారిస్ అధికారిక చిత్రప్రదర్శనలో, చిత్రకారుడు జెరికో ఓడ ప్రమాదం తర్వాత తెప్ప మీద చిక్కుకున్నవారిని చూపే 'మెడూసా తెప్ప'ను ప్రదర్శించాడు. అక్కడా మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, అయినా ఎవరి పక్షాన నిలబడాలో చూసేవారికి సందేహం రాదు. బ్వాయీ దగ్గర వస్తోంది, మనం ఇక్కడ వాదించుకుంటున్నది అందుకే కదా.