పాత స్పానిష్ గిటార్‌కి కొత్త పాలిష్ వేయించాలా, వద్దా?

రవళి_హ్యూస్టన్:
స్పెయిన్‌లోని గ్రనడాలో 1968లో ఒకే మేస్త్రి చేత్తో చేసిన క్లాసికల్ గిటార్ నా దగ్గరుంది. పైపలక స్ప్రూస్ (దేవదారు లాంటి మెత్తటి, తేలికైన చెక్క). కుడి మోచెయ్యి ఆనే చోట లక్క పాలిష్ పోయి చెక్క కనిపిస్తోంది. ఇక్కడ రిపేర్ చేసే ఆయన మొత్తం గీకేసి లాకర్ (గట్టిగా ఆరే రసాయనాల వార్నిష్) స్ప్రే కొడితే కొత్తదానిలా ఉంటుందన్నాడు. చేయించనా?

పాతచెక్క:
వద్దండీ. ఆ పలక మందమే రెండు, రెండున్నర మిల్లీమీటర్లు. గీకితే పాలిష్‌తో పాటు చెక్కా పోతుంది. తట్టి, వంచి చూసుకుంటూ ఎక్కడెంత పల్చన చేయాలో మేస్త్రి తేల్చుకున్న పలక అది.

సుబ్బు_ఆరుతీగలు:
మీరంతా గిటార్‌ని పూజగదిలో పెట్టేలా ఉన్నారు! లక్క వేడికి మెత్తబడుతుంది, చెమటకి పాడవుతుంది. వాయించేవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. అయినా ధ్వనంతా వెనకున్న రోజ్‌వుడ్‌ది కదా, పైన ఏ పూతైతే ఏంటి?

పాతచెక్క:
చెమట మాట ఒప్పుకుంటా సుబ్బు గారూ. రోజ్‌వుడ్ మాట ఒప్పుకోను. స్పెయిన్ గిటార్ మేస్త్రి ఆంటోనియో దె తొర్రెస్ 1862లో వెనకభాగం, పక్కలు అట్టతో చేసి, పైన మాత్రం స్ప్రూస్ పలక పెట్టి గిటార్ కట్టాడు. బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. తీగల ఊపుని అందుకునేది పైపలకే. దాని అడుగున విసనకర్ర పుల్లల్లా సన్నటి పట్టీలు అతికిస్తారు. దళసరి పూత పడితే అదంతా బిగుసుకుపోతుంది.

సుబ్బు_ఆరుతీగలు:
మరి మాడ్రిడ్‌లో గిటార్లు చేసే మూడో హోసే రమీరెజ్ 1960ల్లోనే సెడార్ (స్ప్రూస్ బదులు వాడే ఇంకో చెక్క) పలకల మీద లాకర్ వాడాడుగా? క్లాసికల్ గిటార్ విద్వాంసుడు సెగోవియా అంతటివాడు ఆయన గిటార్లు వాయించాడు.

లక్కబుడ్డి:
వాడాడు. కానీ ఆ పూత మొదటినుంచీ ఆయన లెక్కలో ఉంది. రవళి గారి గిటార్‌ని మేస్త్రి లక్కకి తగ్గట్టు చేశాడు, ఇప్పుడు మధ్యలో మార్చడం వేరే సంగతి. నేను ఈ పని చేస్తుంటాను కాబట్టి చెబుతున్నా: లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే కొత్త పొర పాతదాంట్లో కలిసిపోతుంది. గుడ్డ ఉండతో అరిగిన చోట మాత్రమే పల్చగా రుద్దించండి, ఒక్క రోజులో అయ్యే పని కాదు, తొందరపెట్టకండి. ఇంకోటి, వెనక చెక్క బ్రెజిల్ రోజ్‌వుడ్డా, మన ఇండియా రోజ్‌వుడ్ జిట్రేగా కనుక్కోండి. బ్రెజిల్‌దైతే 1992 నుంచి అంతర్జాతీయ ఆంక్షలున్నాయి, ఇండియాకి తెచ్చేముందు కాగితాలు చూసుకోవాలి.

రవళి_హ్యూస్టన్:
స్ప్రే వద్దని చెప్పేశాను. లక్క వేసేవాళ్ళ కోసం వెతుకుతున్నా.

సుబ్బు_ఆరుతీగలు:
మంచిది. ఆగస్టులో మీ హ్యూస్టన్ ఎండకి చొక్కా చెయ్యి దానికి అతుక్కున్నప్పుడు మళ్ళీ ఇక్కడికి రండి.