హెడ్‌లైట్లు పచ్చబడి మసకబారాయి, ఇంట్లోనే రుద్ది బాగు చేసుకోవచ్చా?

బెజవాడ_వ్యాగన్ఆర్:
బండి పాత వ్యాగన్ఆర్, పార్కింగ్ ఎప్పుడూ ఎండలోనే. రెండు హెడ్‌లైట్లూ పైభాగంలో బాగా పచ్చబడ్డాయి. చెయ్యి పెడితే గరుకుగా ఉంది, అంచుల్లో కోటింగ్ చేప పొలుసుల్లా లేస్తోంది. కింది సగం కాస్త నయం. కుడివైపు దానిలో పొద్దున్నే లోపల చెమ్మ కూడా కనిపిస్తోంది. 15 ఏళ్లు నిండబోతున్నాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి చూపించే లోపు సరిచేయాలి. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే తేలింది గానీ నెల తిరక్కుండా మళ్లీ మామూలే. ఎక్కువ వెలుగుకి 100/90 వాట్ల బల్బులు వేసేస్తే చాలంటున్నారు కొందరు. వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ఏ నంబర్లు కొనాలి, ఎక్కడ ఆపాలి, పైన ఏం కొట్టాలి?

రంగుల_షెడ్డు:
మనం గ్లాసు అంటాం గానీ అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్ అండీ. దెబ్బకి తట్టుకుంటుంది, ఎండలోని యూవీకి తట్టుకోదు. అందుకే ఫ్యాక్టరీలోనే పైన గట్టి కోటింగ్ వేసి పంపుతారు. ఆకాశం వైపు వాలిన భాగం మీద ఎండ ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు అక్కడే చెడుతుంది. టూత్‌పేస్ట్ పైపైన గీకుతుందే తప్ప ఏ రక్షణా ఇవ్వదు. రుద్దడం సగం పనే. మళ్లీ కోటింగ్ పడకపోతే ఎంత మెరిసినా కొన్ని నెలలే.

వాటర్ పేపర్ 600, 800, 1000 రెండేసి షీట్లు తీసుకోండి. అరగంట నీళ్లలో నానేయండి. స్ప్రే బాటిల్లో నీళ్లు పోసి నాలుగు చుక్కలు కార్ షాంపూ కలపండి. లైటు చుట్టూ బానెట్, బంపర్, ఫెండర్ అంచులకి మాస్కింగ్ టేప్ రెండు వరసలు. ఒక్క వరస అయితే పేపర్ తగిలి చిరుగుతుంది, దాని కింద రంగూ పోతుంది.

600 అడ్డంగా రుద్దండి. వేళ్లతో నొక్కితే గాళ్లు పడతాయి, చిన్న రబ్బరు బ్లాకు గానీ స్పాంజి గానీ పెట్టండి. మొదట కారే నీళ్లు పసుపు కలిపిన పాలలా ఉంటాయి. పాత కోటింగ్ పోయేకొద్దీ తెల్లబడతాయి. మొత్తం తెల్లగా కారేదాకా 600 వదలొద్దు, అందరూ తొందరపడేది ఇక్కడే. పొలుసు అంచు కొంచెం మిగిలినా కొత్త కోటింగ్ కింద గీతలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత 800 నిలువుగా, 1000 మళ్లీ అడ్డంగా. దిక్కు మారుస్తుంటే ముందు నంబర్ గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. ఆరాక లైటు మొత్తం పాలగాజులా ఒకే తెలుపులో ఉండాలి. భయపడకండి, పైన క్లియర్ (రంగులేని కోటింగ్) పడగానే తేటపడుతుంది.

క్లియర్ కొట్టేటట్టయితే 1000 దగ్గర, మహా అయితే 1500 దగ్గర ఆపేయాలి. 3000 దాకా వెళ్లి రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి అద్దంలా చేస్తే క్లియర్‌కి పట్టు దొరకదు, రేకులుగా ఊడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మళ్లీ చేత్తో ముట్టుకోకుండా 2కె క్లియర్ (హార్డనర్ కలిపి కొట్టే రకం) కొట్టండి. 100 మి.లీ. క్లియర్ కలిపితే రెండు లైట్లకీ మిగులుతుంది. హార్డనర్ పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే. మొదటి కోటు మంచు పడ్డట్టు పల్చగా, 10 నిమిషాలాగి రెండోది, మళ్లీ ఆగి మూడోది నిండుగా. మొదటిదే తడిగా కొడితే థిన్నర్ ప్లాస్టిక్‌లోకి దిగి సన్న పగుళ్లు వస్తాయి. హార్డనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. గుడ్డ కట్టుకుంటే చాలదు, పెయింటర్లు వాడే కార్ట్రిడ్జ్ మాస్క్ ఉండాలి. ముసురు పట్టిన రోజు కొట్టొద్దు, తేమకి క్లియర్ పాలలా తెల్లబడుతుంది.

ఓరుగల్లు_బండి:
గా 100/90 ముచ్చట ఇడిసిపెట్టు అన్నా. కంపెనీ బల్బు 60/55 వాట్లు. దానికి మించి ఏస్తే హోల్డర్ కరుగుతది, రిఫ్లెక్టర్ మీద వెండిపూత కాలి నల్లగైతది, పైంగ అది రూల్స్‌కి కూడా విరుద్ధం. మసక గ్లాసుల నుంచి ఎక్కువ వాట్లు పంపితే ఎదురొచ్చేటోని కండ్లల్ల పడుతది గని రోడ్డు మీద పడదు.

రుద్దే ముందు ఇంకో పని చెయ్. బల్బు తీసి ఎనక నుంచి టార్చ్ కొట్టి రిఫ్లెక్టర్ చూడు. వెండి మసకబారితే, రాలితే పైన ఎంత రుద్దినా వేస్ట్, మొత్తం లైటు అసెంబ్లీ మార్చుడే. మంచిగుంటే చెమ్మ సంగతి చూస్కో. లైటు ఏసినంక కాసేపట్ల పోతే మామూలే, గాలి రంధ్రం ఉంటది కద. చుక్కలు కట్టి కిందికి జారుతున్నయంటే నీళ్లు దూరుతున్నట్టు. బల్బు ఎనక రబ్బరు బూట్ (మూత) సక్కగ కూసుందా, పగిలిందా చూడు, ఎక్కువగ దొరికేది అక్కడనే. తిరిగి పెట్టేటప్పుడు బల్బు గాజును ఏలుతో ముట్టకు, మరక పడ్డ కాడ వేడెక్కి తొందరగ పోతది.

డీటెయిలింగ్_డైరీ:
స్ప్రే గన్, మాస్క్ లేనివాళ్లకి రెండో దారి ఉంది. 1000 తర్వాత 1500, 2000, 3000 దాకా వెళ్లి, రబ్బింగ్ కాంపౌండ్‌తో పాలిష్ చేసి, యూవీ రక్షణ ఉన్న సీలెంట్ పూయడం. కాకపోతే రెండు మూడు నెలలకోసారి మళ్లీ పూస్తూనే ఉండాలి. ఎండలో నిలిపే బండికి నేనైతే క్లియరే చెప్తాను. ఏ దారైనా శుభ్రం చేయడానికి థిన్నర్, పెట్రోల్, అసిటోన్ మాత్రం వాడొద్దు.

బెజవాడ_వ్యాగన్ఆర్:
చెమ్మకి కారణం బూట్ చీలికేనండి, మార్చాను. 600 అయింది, తెల్లనీళ్లే వస్తున్నాయి. కానీ ఎడమదాని మూలలో సాలెగూడు లాంటి సన్న గీతలు పోవట్లేదు. ఇంకా గరుకైన 400 వాడనా?

రంగుల_షెడ్డు:
గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు తగిలితే పైనున్నవే, ఆ మూల వరకే 400 వాడి మళ్లీ 600 నుంచి రండి. తగలకపోతే అవి ప్లాస్టిక్ లోపలి పగుళ్లు, ఎంత అరగదీసినా పోవు. మూలలో ఉన్నాయి కాబట్టి వెలుగుకి అడ్డు కాదు, అలాగే క్లియర్ కొట్టేయండి. ఆఖరి కోటు వేళ్లకి అంటుకోని స్థితికి రాగానే టేప్ లాగేయండి. పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు వెంట క్లియర్ కూడా లేచిపోతుంది. ఒక రోజంతా బండి కదపొద్దు, వారం దాకా వాటర్ సర్వీసింగ్‌కి ఇవ్వొద్దు.