పతకం మీద పేరు దొరికింది, ఉత్తరం సంగతి వారసులకు చెప్పాలా?

పాతపెట్టె:
వేలంలో కొన్న పెట్టె అడుగున మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్, దాంతోపాటు ఓ ఉత్తరం దొరికాయి. పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, రెజిమెంటు ఉన్నాయి. వాటిని పట్టుకుని వెతికితే ఆ సైనికుడి మునిమనవరాలి ఆచూకీ తెలిసింది. చిక్కల్లా ఉత్తరంతోనే. అందులో భార్యకు తెలియని ఒక బిడ్డ ప్రస్తావన ఉంది. ఆ మునిమనవరాలికి పతకం గురించి రాసేటప్పుడు ఇదీ చెప్పాలా? ఉత్తరం ఫొటో ఇక్కడ పెట్టొచ్చా?

అంచుచదువరి:
ముందు మనిషి అతనేనని తేల్చుకోండి. 1917కి ముందు టెరిటోరియల్ దళాల్లో (బ్రిటిష్ సైన్యంలోని పార్ట్‌టైమ్ వాలంటీర్ల విభాగం) ఏ యూనిట్ నంబర్లు ఆ యూనిట్‌వే, ఒకే నంబరు చాలామందికి ఉండేది. అంచు మీద అక్షరాలు గుద్దినవా, చేత్తో చెక్కినవా? పాత పేరు అరగదీసి కొత్తది వేస్తే అంచు పలచబడుతుంది. మైక్రోమీటర్‌తో చుట్టూ కొలిచి చూడండి.

పాతపెట్టె:
గుద్దినవేనండీ. ఎవరికి ఏ పతకం వచ్చిందో సైన్యం రాసి పెట్టుకున్న మెడల్ ఇండెక్స్ కార్డుతో పేరు, నంబరు, రెజిమెంటు మూడూ సరిపోయాయి. సర్వీస్ ఫైలు మాత్రం లేదు.

చూసిపోదాం:
1940లో లండన్ మీద జరిగిన బాంబు దాడిలో ఆ యుద్ధం నాటి సైనికుల ఫైళ్ళు సగానికి పైగా కాలిపోయాయి కదా.

వారసురాలు:
ఫొటో పెట్టొద్దు. మా ముత్తాత పతకాలు మా బంధువొకరు ఎవరికీ చెప్పకుండా అమ్మేశారు. ఒకరోజు అమ్మకాల సైట్లో కనిపించాయి, పక్కనే మా ఇంటి ఉత్తరాలు కూడా స్కాన్ చేసి పెట్టారు. కొన్నాయనకు రాస్తే జవాబే లేదు. మా అమ్మ ఆ ఉత్తరాలు ముక్కూమొహం తెలియనివాళ్ళ కామెంట్ల మధ్య చదువుకుంది.

నిల్వదారు:
మీ బాధ అర్థమైంది. కానీ కొన్నవాణ్ణి దొంగలా చూడకండి. ఈ పతకం వెండిది. 1980లో వెండి ధర ఆకాశానికి ఎగబాకినప్పుడు ఇలాంటివి ఎన్నో కరిగించేశారు. మిగిలినవి మాలాంటివాళ్ళు డబ్బు పోసి దాచినవే. నేను ఒక కుటుంబాన్ని వెతికి పట్టుకుని ఫోన్ చేస్తే, దొంగసొత్తు ఎక్కడిదని నిలదీశారు. అప్పటినుంచి ఎవరికీ చెప్పను, వెతికింది వెతికినట్టు ప్రచురిస్తాను.

అంచుచదువరి:
గుద్దినవని కంటికి కనిపిస్తే చాలదు. కొలత చెప్పండి.

వారసురాలు:
అంచు సంగతి తర్వాతండీ! నిల్వదారు గారూ, పతకం మీరు కొన్నారు, సరే. ఉత్తరంలోని రాత మీరు కొనలేదు. కాగితం ఎవరి చేతిలో ఉన్నా, కాపీరైట్ రాసినవాళ్ళ వారసులది. చాలా దేశాల్లో చట్టం ఇదే.

నిల్వదారు:
చట్టం చెప్పి నోరు మూయించకండి. కుటుంబాలకు ఇచ్చేస్తే అందులో నచ్చనిదంతా చింపేస్తారు. మీకు కావలసింది వీరుడైన ముత్తాత. ఉత్తరంలో ఉన్న మనిషి అక్కర్లేదు.

వారసురాలు:
చింపేసినా అది మా ఇష్టం! మీకు మనుషులు అక్కర్లేదు, కథ కావాలి.

కొత్తసభ్యుడు:
నాదొక ప్రశ్న. ఉత్తరంలోని ఆ బిడ్డకూ మనవలు, మునిమనవలు ఉండొచ్చు కదా? వాళ్ళు వారసులు కారా? ఇద్దరూ వాళ్ళని లెక్కలోకే తీసుకోలేదు.

వారసురాలు:
వాళ్ళకు ఆ సంగతి తెలియకపోవచ్చు. తెలియని మనిషి తలుపు తట్టి మీ ముత్తాత ఫలానా అని చెప్పే హక్కు ఎవరిచ్చారు?

కొత్తసభ్యుడు:
నన్ను పెంచుకున్నారు. కన్నవాళ్ళెవరో తెలిసే కాగితాన్ని పరువు పోతుందని చుట్టాలే తగలబెట్టారు. అలాంటి ఉత్తరం ఎవరి చేతికైనా దొరికితే, తలుపు విరగ్గొట్టయినా నాకు చెప్పమంటాను.

నిల్వదారు:
అందుకే ఉత్తరం ఆ కుటుంబానికి ఇవ్వొద్దనేది.

పాతపెట్టె:
బిడ్డ పేరు, ఊరు ఉత్తరంలో ఉన్నాయి. ముందు ఆ వైపు వెతుకుతాను. ఫొటో ఎక్కడా పెట్టను. మునిమనవరాలికి పతకం దొరికిందని రాస్తాను. కుటుంబ విషయాలున్న ఉత్తరం కూడా ఉంది, చదవాలనుకుంటే పంపుతానని చెప్తాను.

వారసురాలు:
అలా అడిగితే వద్దని ఎవరంటారు? అడగడమంటే చెప్పేసినట్టే. అయినా ముందు ఆవిడకే రాయండి, రెండో వైపు వెతకడం తర్వాత.

కొత్తసభ్యుడు:
ముందు ఆవిడకే ఎందుకు?