రాయబారం పద్యం: నాటకం కట్ట మీద విన్నది, సినిమా తెర మీద విన్నది

చంద్రగిరి కోటవీధి:
మా నాయనకు డెబ్బై ఆరేళ్లు. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లల్లో కృష్ణరాయబారం నాటకంలో కృష్ణుడి వేషం కట్టేవాడు. మొన్న ఆదివారం ‘దానవీరశూరకర్ణ’ సినిమా పెట్టి ముందర కూర్చోబెట్టినా. ‘జెండాపై కపిరాజు’ రాగానే మంచం మీద నుంచి ముందుకు వంగినాడు. పద్యం అయిపోయింది. నా వైపు తిరిగి “ఏంరా, అప్పుడే దించేసినాడే?” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన బాధ నిజమే. ఆయన చివరి పాదం దగ్గర రాగం ఎత్తుకుంటే మేం పిల్లోళ్లం చాప మీద ఒక కునుకు తీసి లేచేవాళ్లం. అప్పటికీ అదే పాదంలో ఉండేవాడు. నాటకాలు సినిమాలైనప్పుడు పోయిందేమి, వచ్చిందేమి? రెండూ చూసినోళ్లు చెప్పండి.

హార్మోనీ పెట్టె:
నేను ఇరవై ఏళ్లు నాటకాలకు హార్మోనియం పెట్టె వాయించినా. అన్నా, దీంట్లో సగం సంగతి మైకుది. మైకు లేని రోజుల్లో వెనక చింతచెట్టు కింద కూర్చున్నోడికి కూడా మాట వినపడాల. అందుకే శ్రుతి పైన పెట్టుకుని గొంతెత్తి పాడేవాళ్లు. అక్కడి నుంచి రాగం మీద రాగం, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటి నుంచి. సినిమాలో మైకు నోటి ముందరే ఉంటాది, అరవాల్సిన పనేముంది? ఘంటసాల చేసింది అదే. రాగం తగ్గించి, మాట విరుపు తెలిసేటట్టు, అర్థం ముందుకొచ్చేటట్టు పాడినాడు.

తమాషా ఏమంటే, తర్వాత వచ్చిన కుర్రోళ్లు కట్ట మీద కూడా ఘంటసాల బాణీనే పట్టుకున్నారు. సినిమా నాటకం నుంచి తీసుకుని, తిరిగి నాటకానికే నేర్పించింది. నాకైతే అది పూర్తిగా నచ్చలేదు. పెట్టె వాయించేవాడికి పనే లేకుండా పోయింది మరి!

గిరింపేట అక్క:
మా జేజి చెప్పేది, ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ అంటే స్థానం నరసింహారావేనని. మగమనిషి చీర కట్టి ‘మీరజాలగలడా’ పాడుతుంటే ఆడోళ్లే ఆ నడక నేర్చుకోవాలనుకునేవాళ్లంట. 1966 సినిమాలో జమున చేసింది, పాట సుశీలమ్మది. ఆ పొగరు చూపు, వాలుజడ విసురు... నన్నడిగితే సినిమాకే మార్కులు. జేజి మాత్రం ఒప్పుకోదు. “నిజం ఆడది ఆడదానిగా చేస్తే గొప్పేముంది?” అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మన సినిమా నటుడు నాగయ్య కూడా చిత్తూరులో ‘సారంగధర’లో చిత్రాంగి వేషం కట్టి, తర్వాతే సినిమాకు పోయినాడు. ఆడవేషం కట్టిన ఆయన సినిమాలో త్యాగయ్య, పోతన!

పుత్తూరు మావాడు:
నిజం చెప్తే తిడతారేమో. నాకు సినిమానే మేలు. తెల్లార్లూ కూర్చునే ఓపిక లేదు, నడుం నొప్పి.

రేణిగుంట రైలు:
చిన్నప్పుడు రాయబారం చూసి నేను బిత్తరపోయినా. మొదట వచ్చిన కృష్ణుడు సన్నగా ఉన్నాడు, మళ్లీ తెర తీస్తే బొజ్జ కృష్ణుడు వచ్చినాడు. మా మామను అడిగితే “వాడు ఒకటో కృష్ణుడు, వీడు రెండో కృష్ణుడు, గమ్మునుండు” అన్నాడు. పద్యాలు పాడి పాడి ఒక గొంతు తట్టుకోదని తర్వాత తెలిసింది. కట్ట మీద ఒక కృష్ణుడికి ఇద్దరు ముగ్గురు మనుషులు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో ఎన్.టి.రామారావు దాన్ని తిరగేసి కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే అయినాడు!

గిరింపేట అక్క:
@రేణిగుంట రైలు, నీకు ‘హరిశ్చంద్ర’లో కాటిసీను, అదే శ్మశానం సీను గుర్తుందా? బలిజేపల్లి రాసిన నాటకంలోకి జాషువా పద్యాలు తెచ్చి పాడేవాళ్లు నటులు. జనం దానికోసమే కాసుకుని ఉండేవాళ్లు. 1965లో కె.వి.రెడ్డి సినిమా తీసినాడు, మా ఇంట్లో ఎవరికీ అంతగా పట్టలేదు. శ్మశానం సెట్టులో కనపడితే భయం ఎక్కడ? పెట్రోమాక్స్ లైటు వెనక నిజం చీకటి ఉంటే ఆ లెక్కే వేరు.

ధర్మరాజుల గుడి వెనకాల:
మన పక్క ఊళ్లల్లో జరిగే భారతం ఉత్సవం మర్చిపోతే ఎట్లా? పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు కోసం నిలబెట్టిన పొడుగాటి మాను, తపస్మాను, ఎక్కుతాడు, ఆఖరి రోజు మట్టితో చేసిన దుర్యోధనుడు. ఆ మాను ఎక్కేటప్పుడు కిందున్న ఆడోళ్లు కొంగు పట్టి పైకి చూస్తారే, పైనుంచి ఆయన ప్రసాదంగా వేసే నిమ్మకాయ పడుతుందేమోనని. దాన్ని ఏ కెమెరాలో పెడతావు? ఫోన్లో తీసి చూసినా, మాను కనపడింది గానీ కొంగు పట్టినోళ్లు ఒక్కరూ పడలా.

హార్మోనీ పెట్టె:
చంద్రగిరి అన్నా, మీ నాయన పాడింది ఎక్కడైనా ఉందా?

చంద్రగిరి కోటవీధి:
రెండు క్యాసెట్లు ఉండాయి. ఒకదాంట్లో సగం మా చెల్లి పదో తరగతి పాఠాలు పట్టేసింది. వాయించడానికి టేప్‌రికార్డరే లేదు.

హార్మోనీ పెట్టె:
నా దగ్గర పాతది ఉంది, బెల్టు మార్పించినా. శనివారం సాయంత్రం నాయన్ని కూడా పిల్చకరా. పెట్టె తుడిచి పెడతా. చివరి పాదం ఎంతసేపు తీసినా సరే, ఇంట్లో అడిగేవాళ్లు లేరు.