కంపెనీల సొమ్ముతో నడిచే రీసెర్చ్ గ్రూపు: ఒక్క పెద్ద స్పాన్సర్ మేలా, పదిమంది చందాదారులా?

కంపనం:
బేరింగ్‌లు, గేర్‌బాక్స్‌ల కంపనాల మీద పనిచేసే యూనివర్సిటీ గ్రూపు మాది. ఇద్దరు ప్రొఫెసర్లం, ఆరుగురు పీహెచ్‌డీ విద్యార్థులు. ఆరేళ్లు ఒకే కంపెనీ సొమ్ముతో నడిచాం. నిరుడు అక్కడ మా పని చూసే మేనేజర్ మారిపోయారు, కొత్తాయన ఒప్పందం పొడిగించలేదు. ఇద్దరు విద్యార్థులకు స్టైపెండ్ మధ్యలో ఆగింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. అందుకే చాలా కంపెనీల నుంచి ఏటా చందా తీసుకుని, ఫలితాలు అందరికీ ఇద్దామంటున్నాను. నా సహచరుడు వద్దంటున్నారు.

గేజ్‌బ్లాక్:
నేను మీ సహచరుడి వైపు. పోటీ కంపెనీలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే అసలు సమస్య ఎవరూ బయటపెట్టరు. విరిగిన గేర్ డేటా ప్రత్యర్థి ముందు ఎవరు పెడతారు? నా థీసిస్‌కు పనికొచ్చిన డేటా అంతా ఒక్క కంపెనీ నన్ను నమ్మి షాప్‌ఫ్లోర్ మీదికి రానిచ్చాకే దొరికింది.

పాత డైరెక్టర్:
గేజ్‌బ్లాక్ గారూ, మీరు చెప్పిన ఇబ్బంది నిజమే. కానీ మార్కెట్లో కొట్టుకునే సెమీకండక్టర్ కంపెనీలే 1982లో సెమీకండక్టర్ రీసెర్చ్ కార్పొరేషన్ పెట్టుకుని యూనివర్సిటీలకు ఉమ్మడిగా నిధులిచ్చాయి. ఉత్పత్తి దాకా రాని విషయాల్లోనే కలిశాయి కాబట్టి అది సాగింది. మీ రంగంలో అయితే కందెన పొర ఎప్పుడు తెగుతుంది, పగులును ఎంత ముందుగా పట్టుకోగలం, అన్నవి ఉమ్మడి ప్రశ్నలు. ఎవరి గేర్ డిజైన్ వాళ్లదే. దాని మీద పని కావాలంటే విడిగా ఒప్పందం, విడిగా డబ్బు.

కంపనం గారూ, మిమ్మల్ని దెబ్బతీసింది స్పాన్సర్ల సంఖ్య ఒక్కటే కాదు. ఆ కంపెనీలో మీకు తెలిసింది ఒక్క మనిషే. ప్రతి కంపెనీలోనూ మీ ఫలితాలు వాడుకునే ఇంజనీరు ఒకరు, బడ్జెట్ మీద సంతకం పెట్టేవారు ఒకరు, ఇద్దరూ మీకు తెలిసి ఉండాలి. ఏడాది స్టైపెండ్ చేతిలో లేకుండా కొత్త విద్యార్థిని తీసుకోకండి. బేరింగ్‌లు, గేర్లను పరీక్షించే యంత్రాన్ని, అంటే టెస్ట్ రిగ్‌ను, చూసుకునే టెక్నీషియన్‌కు శాశ్వత ఉద్యోగం ఇప్పించండి. విద్యార్థులు నాలుగైదేళ్లలో వెళ్లిపోతారు, రిగ్ గుట్టు తెలిసినవాడు ఉండిపోవాలి.

టార్క్:
విద్యార్థిగా నా బాధ పేపర్ల గురించి. మా స్పాన్సర్ రివ్యూ పేరుతో నా పేపర్‌ను ఎనిమిది నెలలు ఆపింది. ఈలోగా వేరే గ్రూపు అదే పద్ధతిని ప్రచురించింది. ఎన్ని కంపెనీలైనా పెట్టుకోండి, 60 రోజుల్లో అభ్యంతరం రాకపోతే పేపర్ పంపేస్తాం అని ఒప్పందంలో రాయించండి.

గేజ్‌బ్లాక్:
టార్క్ గారి షరతు ఏ పద్ధతిలోనైనా ఉండాల్సిందే. చందా విషయంలో మాత్రం నా అనుమానం తీరలేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో సమాంతర కంప్యూటింగ్ మీద పనిచేసిన పార్ ల్యాబ్ 2008లో ప్రధానంగా ఇంటెల్, మైక్రోసాఫ్ట్ నిధులతో మొదలైంది. ప్రాసెసర్ చిప్‌లు అర్థం చేసుకునే ఆదేశాల సమితి రిస్క్-ఫైవ్ 2010లో పుట్టింది అక్కడే. స్పాన్సర్లు కొద్దిమందే అయినా అంత పని జరిగింది కదా.

పాత డైరెక్టర్:
జరిగింది. కానీ రిస్క్-ఫైవ్‌ను అందరికీ తెరిచి ఉంచారు, అది ఏ స్పాన్సర్ సొత్తూ కాలేదు. అందుకే ఆ ల్యాబ్ గడువు ముగిశాక కూడా పని ఆగలేదు. కంపనం గారూ, ఆరేళ్లలో మీరు రాసిన కోడ్, తీసిన డేటా ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?

కంపనం:
కోడ్ మా దగ్గరే ఉంది. డేటా సగం కంపెనీ సర్వర్‌లో ఉండిపోయింది. కొత్త ఒప్పందంలో ముందు దాని గురించే మాట్లాడతాను.