నాన్న రోడ్‌కింగ్: రంగు గీకి కొత్తది చేయాలా, ఉన్నదున్నట్టు నడపాలా?

పోర్టికో మెకానిక్ (రామమూర్తినగర్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా నాన్న 1991లో అనంతపురంలో కొన్న యెజ్డి రోడ్‌కింగ్ బైకుని పోయిన నెల టెంపోలో వేసుకుని ఇక్కడికి తెచ్చాను. పదకొండేళ్లుగా ఊళ్లో పశువుల కొట్టంలో ఉంది. కోళ్లు సీటు మీదే గుడ్లు పెట్టేవట. ఇప్పుడు కారు రోడ్డు మీదికి వెళ్లింది, పోర్టికో దీనిదైంది. ఇంట్లో ఆవిడ ఇంకా ఏమీ అనలేదు. అదే టెన్షన్.

ఇంజన్ పట్టెయ్యలేదు. ప్లగ్ తీసి కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేస్తే కిక్కు దిగింది. ట్యాంకు లోపల మాత్రం తుప్పు, ఊపితే గలగలమంటోంది. బయట నల్ల రంగు. నాన్న మోకాళ్లు ఆనిన చోట అరిగి నున్నగా అయింది. ముందు నన్ను కూర్చోబెట్టుకునేవాడు కదా, నా నిక్కరు బొత్తాల గీతలు కూడా అక్కడే ఉన్నాయి.

ఒక ఫ్రెండు మొత్తం విప్పి కొత్తదానిలా చేయించమంటాడు. ఇంకో ఫ్రెండు రంగు ముట్టుకోకు, నడిచేలా చేస్తే చాలంటాడు. పనంతా శని, ఆదివారాల్లో నేనే చేసుకుందామని ఉంది. మీరేమంటారు?

నిగనిగ (జయనగర్)

పూర్తిగా విప్పెయ్యండి. పశువుల కొట్టంలో పదకొండేళ్లంటే పేడ, మూత్రం, తేమ. ఛాసిస్ అడుగున, స్టాండు అతికిన చోట, బ్యాటరీ కింద స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. పెచ్చులు ఊడితే ఇంక గీకడం తప్ప దారి లేదు.

మా మామగారి బండికి నేను "ప్రస్తుతానికి నడిస్తే చాలు" అని ఇంజన్ పని మాత్రమే చేయించాను. రెండో వానాకాలానికి స్టాండు దగ్గర గొట్టం చిల్లుపడింది. మళ్లీ మొత్తం విప్పాను. ఖర్చు రెండుసార్లు, తిట్లు కూడా రెండుసార్లు. సాండ్ బ్లాస్టింగ్, ప్రైమర్, రంగు, క్రోమ్ అన్నీ ఒకే దెబ్బతో చేయించండి. షోరూంలోంచి తెచ్చిన రోజు ఎలా ఉందో మీ నాన్నగారికి అలా చూపించండి.

ఉన్నదున్నట్టు (మల్లేశ్వరం)

నిగనిగ గారూ, అలాంటి బండ్లకి బెంగళూరులో కొదవేం లేదు. జులై రెండో ఆదివారం జావా-యెజ్డి దినానికి వెళ్తే వాటి ట్యాంకుల్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. "బాగుంది" అని ఒక ఫోటో తీసుకుని జనం ముందుకు పోతారు. అరిగిన ట్యాంకున్న బండి కనబడిందంటే మాత్రం పెద్దవాళ్లు చుట్టూ చేరి "నా దగ్గరా ఉండేది" అని మొదలెడతారు, భోజనాల వేళ దాకా కదలరు.

నా బుల్లెట్ సంగతి చెప్తాను. మద్రాసు ఫ్యాక్టరీలో ట్యాంకు మీది బంగారు గీతని కుంచెతో చేత్తో గీసేవాళ్లు. నా బండికి కుడిపక్క ఒకచోట ఆ గీత కాస్త లావై మళ్లీ సన్నబడేది. గీసినాయన ఊపిరి తీసుకున్నాడేమో అక్కడ! రంగు షాపులో ఇచ్చేటప్పుడు ఆ గీత గురించి చెప్పాలని నాకు తోచలేదు. ట్యాంకు అద్దంలా తిరిగొచ్చింది, మీద స్టిక్కరు గీత అంటించుకుని. ఆ పాత గీతని ఇప్పుడు ఎక్కణ్ణించి తేను?

క్రోమ్ కూడా అంతే. కొత్త పూతకి ముందు బఫింగ్ చేస్తారు, అందులో అంచులు, అక్షరాలు అరిగిపోతాయి. సైలెన్సర్ల మీద పలచటి తుప్పయితే అల్యూమినియం రేకుని ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దు తమ్ముడూ. సాయంత్రానికి సగం పోతుంది.

రోజూ ఆఫీసు (బొమ్మనహళ్లి)

మీ ఇద్దరి బండ్లూ రోడ్డెక్కుతాయా అసలు? నేను యెజ్డి మీద వారానికి మూడు రోజులు సిల్క్ బోర్డు దాటుతాను. ఆ ట్రాఫిక్‌లో ప్లగ్‌కి స్పార్కు అందించే పాయింట్లు మొరాయిస్తే పక్కనున్న బస్సు డ్రైవర్ తిట్టే కన్నడ తిట్లు మీరు వినలేదు. పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, ఎల్ఈడీ హెడ్‌లైటు. రంగు ఏదైతే ఏంటి?

ఆర్టీఓ బాధితుడు (బాణసవాడి)

ఆఫీసు బ్రో, డిస్క్ బ్రేకు అంత తేలిగ్గా అనేశావు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదువు. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. లోపల దాక్కునే ఇగ్నిషన్ జోలికి ఎవరూ రారులే. బయటికి కనిపించేవాటితోనే తంటా.

పోర్టికో గారూ, మీది ఏపీ 02 బండి అయ్యుంటుంది. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, అది ఉందో లేదో ముందు చూడండి. ఇక్కడ పన్నెండు నెలలకి మించి ఉంచితే అనంతపురం నుంచి ఎన్ఓసీ తెచ్చి కర్ణాటక నంబరు తీసుకోవాలి. "వింటేజ్ కదా, మినహాయింపు ఉంటుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2021లో వచ్చిన రూల్ ప్రకారం యాభై ఏళ్లు నిండాలి, అంటే మీ బండికి 2041. అప్పుడు కూడా వింటేజ్ బండ్లకిచ్చే ఆ వీఏ నంబరుతో రోజూ ఆఫీసుకి తిరగనివ్వరు.

ఇంకో మాట. ఆర్సీలో రంగు ఏమని ఉంది? రంగు మారిస్తే అక్కడా మార్పించాలి.

కొత్త చెయ్యి (కేఆర్ పురం)

మధ్యలో వచ్చినందుకు సారీ అన్నా. మా పక్కింటి యెజ్డికి కిక్కు రాడ్డే లేదు. ఊడిపోయిందా?

పాత లేత్ (యశ్వంతపుర)

ఊడలేదు నాయనా. ఎడమపక్క గేరు రాడ్డుందే, దాన్నే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డవుతుంది. యెజ్డికి ముందున్న జావా బండ్ల నుంచి వచ్చిన అలవాటు. పాపం చాలామంది మెకానిక్కులే మొదటిసారి వెతుక్కుంటారు.

ఇక రంగు కోసం కొట్టుకుంటున్నవాళ్లకి ఒక మాట. బండి ఇంకా స్టార్టే కాలేదు! పెళ్లికూతురికి నాడి చూడకుండా చీరల బేరమాడుతున్నారు.

టూ స్ట్రోక్ ఇంజన్ పిస్టన్ కిందుండే క్రాంక్ గదితోనే గాలి పీల్చుకుంటుంది. ఆ గదికి రెండు పక్కలా రబ్బరు సీళ్లుంటాయి. పదకొండేళ్లు కదలకుండా ఉంటే అవి ఎండి అప్పడంలా అవుతాయి. ఎడమపక్క, క్లచ్ వైపు సీలు పోతే ఇంజన్ గేరుబాక్సు ఆయిల్‌ని తాగేస్తుంది. తెల్లపొగ వీధంతా కమ్ముతుంది, ప్లగ్ తడిసి ఆగిపోతుంది, మీరేమో కార్బరేటర్‌ని తిట్టుకుంటూ ఉంటారు. కుడిపక్క, ఇగ్నిషన్ వైపు సీలు పోతే ఇంకా ప్రమాదం. బయటి గాలి దూరి పెట్రోలు పలచబడుతుంది. బండి ఎప్పుడూ లేనంత హుషారుగా అరుస్తుంది, "అబ్బ, ఏం పికప్" అనుకుంటాం. పెట్రోల్లో కలిసిన ఆయిలే దాని బేరింగులకీ పిస్టనుకీ దిక్కు, పలచబడితే అదీ తగ్గుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు లాగాక పిస్టన్ పట్టేస్తుంది. ఆ తర్వాత సిలిండర్‌కి బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వెతుక్కోవాలి.

సీళ్ల ఖరీదు ఒక బిర్యానీ అంత. విప్పడమే పని. లాగి ఊడదీసే పుల్లర్ లేకుండా సుత్తితో క్రాంకు మొన మీద కొట్టారంటే నేను మీ ఇంటికొచ్చి తిడతాను. ఒత్తి కూర్చిన క్రాంకు అది, వంకర పోతే లేత్ షాపుకి మోసుకెళ్లాల్సిందే. ముందు గేరుబాక్సు ఆయిల్ దింపి ఎంత వచ్చిందో కొలిచి చెప్పు.

ట్యాంకుకి యాసిడ్ పోయకు. చాకలి సోడా నీళ్లు నింపి, పాత బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ వైరు ట్యాంకుకీ, పాజిటివ్ వైరు మధ్యలో వేలాడే ఇనప కడ్డీకీ ఇవ్వు. కడ్డీ ఎక్కడా ట్యాంకుకి తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వద్దు, నీళ్లలోకి విషం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టు, దగ్గర బీడీ వెలిగించొద్దు. లోపల పూత పూసే ఆలోచనుంటే ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి తట్టుకునేదేనా అని అడిగి కొను. పాతరకం పూతలు అందులో పొరలుగా లేచి కార్బరేటర్‌కి అడ్డంపడతాయి. నేనైతే పూయను. పెట్రోలు గొట్టం, కార్బరేటర్ రబ్బర్లు కొత్తవి వేసి, బండి నెలకి మించి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేస్తాను.

నిగనిగ

పాత లేత్ గారూ, ఇంజన్ విప్పాక ఛాసిస్ ఖాళీగానే ఉంటుంది కదా. రంగు అప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

ఉన్నదున్నట్టు

ఛాసిస్‌కి వేసుకోండి, ఎవరొద్దన్నారు? ట్యాంకుని వదిలెయ్యండి.

పోర్టికో మెకానిక్

వారం తర్వాత వస్తున్నాను, క్షమించాలి. ఛాసిస్ గట్టిగానే ఉంది, స్టాండు దగ్గర పొడిచి చూశాను. ఈలోగా ఒక విచిత్రం జరిగింది.

శివాజీనగర్ గుజరీలో పాత ఛార్జర్ కొని, పాత లేత్ గారు చెప్పినట్టే శనివారం పొద్దున పెట్టాను. గంటలో ట్యాంకు మూతి దగ్గర గోధుమ రంగు నురగ లేచింది, కాఫీ పొంగినట్టు. నేను టిఫిన్‌కి లోపలికి వెళ్లినప్పుడు ఆ నురగ పొంగి ట్యాంకు మీదికి కారింది. వచ్చి తుడిస్తే మూతి చుట్టూ నల్ల రంగు మెత్తబడి గుడ్డకి అంటుకుంది. దాని కింద బూడిద రంగు ప్రైమర్. గోటితో గీరితే, దాని కింద ఎరుపు!

ఆర్సీ తీసి చూశాను. రంగు: ఎరుపు. ఇన్నేళ్లూ ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఆ గడి ఎప్పుడూ చూడలేదు.

నాన్నకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పక్కన ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. 1996లో కదిరి రోడ్డులో గేదె అడ్డం వచ్చి పడ్డాడట. ట్యాంకుకి సొట్ట. తెలిస్తే అమ్మ ఆ వారమే బండి అమ్మించేస్తుందని, సొట్ట తీయించి మొత్తం నల్ల రంగు కొట్టించి, "ఎరుపు మొహం మొత్తింది, మార్చా" అని ఇంటికి తెచ్చాడట. మోచేతి దెబ్బకి బాత్రూంలో జారానని చెప్పాడట. ఆర్సీలో మార్పించే ధైర్యం చేయలేదు. ఇంటికి కాగితం వస్తుందేమోనని భయం!

నిగనిగ

ఇంకేం ఆలోచించకండి. ఎరుపు కంపెనీ రంగు, పైగా ఆర్సీ రంగు. గీకెయ్యండి!

ఉన్నదున్నట్టు

కంపెనీ రంగు ఆ బండి మీద కనిపించింది ఐదేళ్లు. నలుపు దాదాపు ముప్పై ఏళ్లుంది. తమ్ముడి నిక్కరు గీతలు నలుపు మీదే పడ్డాయి. అసలు రంగు ఏదో మీరే చెప్పండి నిగనిగ గారూ. ఒప్పుకుంటాను, కంపెనీ రంగైతే ముట్టుకోవద్దని నేనూ గట్టిగా అనేవాణ్ణి. ఇప్పుడు నా మాట నాకే అడ్డం తిరిగింది.

ఆర్టీఓ బాధితుడు

నలుపే ఉంచుకోవాలనుంటే ఉంచుకోండి. ఎలాగూ కర్ణాటక నంబరు తీసుకోవాలి, ఆ ఇన్‌స్పెక్షన్‌లోపు రంగు మార్పు రాయించుకోండి. ఆర్సీలో ఎరుపు, ఎదురుగా నలుపు అంటే "ఈ బండి మీదేనా?" అని మొదలవుతుంది. నాకు ఇంజన్ నంబరులో ఒక్క అంకె తేడా వచ్చినందుకు నాలుగు నెలలు తిప్పారు.

రోజూ ఆఫీసు

గేదెకి ఏమైంది?

పోర్టికో మెకానిక్

గేదె లేచి వెళ్లిపోయిందట, నాన్నే లేవలేకపోయాడు.

పాత లేత్ గారూ, గేరుబాక్సు ఆయిల్ దింపాను. పోయాల్సినంతలో సగం కూడా రాలేదు. కింద మాత్రం ఎక్కడా కారిన మరక లేదు.

పాత లేత్

కింద కారలేదంటే క్రాంక్ గదిలోకి దిగింది. ఎడమ సీలు పోయింది, కుడిది బాగుంటుందని ఆశపడకు. రెండూ మారుద్దాం. కిక్కు కొట్టి ఆయిల్‌ని పైకి లాగకు, ముందు అది బయటికి తీయాలి. ఆదివారం పొద్దున పుల్లర్, రెండు పెద్ద పానాలు తెస్తాను. నువ్వు సీళ్లు కొని ఉంచు, జేసీ రోడ్డులో దొరుకుతాయి. పాత స్టాకు అంటగడతారు, వేలితో నొక్కి మెత్తగా ఉన్నవే తీసుకో.

పోర్టికో మెకానిక్

తప్పకుండా రండి, టిఫిన్ మా ఇంట్లోనే. ఒక్క మనవి. ఆదివారం అమ్మ, నాన్న కూడా వస్తున్నారు. ట్యాంకు మూతి దగ్గర ఎర్రగా బయటపడిన చోట నల్ల టేపు అంటించాను. దయచేసి ఎవరూ పీకొద్దు.