ముక్కనుమ గుర్రాల శిబిరం: శుక్రవారంలోగా తేలవలసిన పనులు

కార్యదర్శి:
సంబరానికి పన్నెండు రోజులే ఉన్నందున పనుల పట్టిక మళ్ళీ పెడుతున్నాను. వేదిక అలంకరణ, పులిహోర, ద్వారం దగ్గర హుండీ, పిల్లల నాటిక. నాటికలో, మొదటి ప్రపంచ యుద్ధానంతరం అమ్మివేసిన సైన్యపు గుర్రాల కోసం బ్రిటిష్ మహిళ డొరొతీ బ్రూక్ 1934లో కైరోలో ఆసుపత్రి తెరిచిన కథ ఉంటుంది. హుండీ సొమ్ము విజయనగరంలో జట్కా గుర్రాల కోసం ముక్కనుమనాడు పెట్టే వైద్య శిబిరానికి వెళ్తుంది. ఎవరు ఏది చూస్తారో తెలియజేయగలరు.

కోశాధికారి:
హుండీ సంగతి తేలేదాకా మిగతావి ఆపండి. మన సంఘం ఇక్కడ, విదేశంలో, నమోదైనది కనుక మనం పంపేది విదేశీ విరాళం అవుతుంది. భారతదేశపు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం నమోదో, ముందస్తు అనుమతో ఉన్నవారే దానిని పుచ్చుకోవాలి. శిబిరం నడిపే కుర్రాళ్ళకు ఆ రెండూ లేవు. అనుమతి ఉన్న మరో సంస్థ ద్వారా ఇప్పిద్దామంటే 2020 సవరణ ఆ దారినీ మూసివేసింది.

సాంస్కృతిక విభాగం:
ఈ మాట దీపావళికే చెప్పవలసింది. కరపత్రాలు అచ్చయ్యాయి. ప్రతిసారీ కార్యక్రమం ముంగిట్లోనే మీకు చట్టం గుర్తుకొస్తుంది బాబాయి గారూ.

కోశాధికారి:
దీపావళికి నేనడిగిన కాగితాలు మొన్న వచ్చాయమ్మా. సంతకం పెట్టేది నేను, రేపు సంజాయిషీ చెప్పుకోవలసినదీ నేనే.

విజయనగరం నుంచి:
పెద్దలు మన్నించాలి. నిన్న ఒక జట్కా గుర్రానికి జీను తీయించి చూస్తే మూపు మీద అరచేతి వెడల్పు పుండు, దానికి అతుక్కుపోయిన గోనె ముక్క కనిపించాయి. ఆ జట్కా అతను కొట్టే మనిషి కాడు. జీను కింది మెత్త చినిగిపోతే, వచ్చే కిరాయి ఉలవలకే చాలక, గోనె మడిచి వేశాడు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో తడిపి తడిపి దానిని ఊడదీయడానికి గంట పట్టింది. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కి లాడాలు సరిచూడాలి గానీ, ఇక్కడ లాడం ఊడిపడేదాకా ఎవరూ ముట్టుకోరు. పుండున్న గుర్రానికి ధనుర్వాతం టీకా తప్పదు. గరివిడి పశువైద్య కళాశాల వారిని రమ్మని అడగబోతున్నాము. టీకాలు, లాడాలు, మెత్తలు ఉంటే చాలు. శామియానా, జ్ఞాపికలు మాకు వద్దు.

సాంస్కృతిక విభాగం:
తొందరపడ్డాను బాబాయి గారూ. మా విభాగంలోని ఇద్దరికీ ఇంకా భారత పాస్‌పోర్టే ఉంది. మా జీతంలోంచి మేమే పంపితే?

కోశాధికారి:
భారత పౌరులు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారిన మాబోటివారిది, ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు ఉన్నా సరే, వస్తుంది. మా డబ్బు మీ ఖాతాల గుండా పంపే ఆలోచన మాత్రం ఎవరూ చేయకండి.

కార్యదర్శి:
అయితే హాలు అద్దె, భోజనాల ఖర్చు పౌరసత్వం మారిన మేమే భరిస్తాము. అక్కడికి ఎంత పంపుకుంటారో మిగతావారి ఇష్టం.

విజయనగరం నుంచి:
లాడాలు కొట్టే ఆయనకు పండుగ రోజుల్లో తీరిక ఉండదు. రేపు పొద్దున్నే బయానా ఇస్తేనే ముక్కనుమకు వస్తానన్నాడు.

సాంస్కృతిక విభాగం:
ఇప్పుడే పంపాను తమ్ముడూ. ఆ పుండున్న గుర్రాన్ని ముక్కనుమ దాకా బండికి కట్టవద్దని అతనికి చెప్పు. ఆ రోజుల కిరాయి కూడా అందులోనే ఉంది.